మెంఫిసు నగరమున పాటకు తూనిక

అమెరికాదేశము చూచివచ్చినవారు నయాగరా జలపాతమును గూర్చియు, న్యూయార్కు మేడలను గూర్చియు వ్రాయుట పరిపాటి. అట్టి వర్ణనలు మన సోదరీమణు లిదివరకే పెక్కు చదివియుందురు. కావున మేము వానిని విడిచి, టెనెస్సీ రాష్ట్రమున మిసిసిపీ నదీతీరమున నున్న మెంఫిసు నగరమును గూర్చి నాలుగు మాటలు వ్రాయ సంకల్పించితిమి. ఈ నగరము ప్రత్తిబేరముచే పెరిగి, పాటచే పేరు గాంచినది. పాటను లెక్కించుటకును, తూచుటకును, బంగారముతో వెలకట్టుటకును మనుష్యులు చేసిన యత్నములన్నియు, వాని మంచిచెడ్డలతో గూడ, ఈ యొక్క యూరిలోనే చూడనగును.

మావారు బడిపంతులగుటచే వేసవి సెలవులలోగాని ప్రయాణమునకు వీలుపడదు. మా తమ్ముడాయూర నుద్యోగము చేయుచున్నాడు. వాని భార్య మమ్ము విమానాశ్రయమున నెదుర్కొని, "వదినా, ఇచట చూడదగినవి గుళ్లు గోపురములు కావు, పాటలు పుట్టిన యిండ్లు" అని ముందుగనే చెప్పినది. ఎండ మన కృష్ణాతీరపుటెండను దలపించెను. నది మాత్రము మన గోదావరివలె విశాలమై, బురదరంగున, తొందరలేక ప్రవహించుచుండెను.

మొదట మేము చూచినది గ్రేస్‌లాండ్ అను భవనము. ఎల్విస్ ప్రెస్లీ యను గాయకుడు దీనిని 1957లో కొని, 1977 ఆగష్టు 16న ఇచటనే మరణించెను. 1982 మొదలు జనులు దీనిని చూచుటకు అనుమతింపబడిరి. తెల్లని స్తంభములతో నొప్పు నీ యిల్లు మేమనుకొన్నంత పెద్దది కాదు. ఆశ్చర్యము గొలిపినది దానికి సంబంధించిన ప్రదర్శనశాల. అందు గోడలనిండ బంగారు ప్లేట్లు, వెండివలె మెరయు ప్లాటినము ప్లేట్లు అద్దపుచట్రములలో వ్రేలాడుచున్నవి. 1992లో పాత లెక్కలన్నియు మరల తీసి, మరణించిన యీ గాయకునికి ఒక్కమారే నూటపది ఫలకములు ప్రదానము చేసిరట. చనిపోయి పదునైదేండ్లయిన వానికి సన్మానమేల? లెక్క తేలుట కంతకాలము పట్టినది.

ఈ బంగారు ప్లేటు కథ వినదగినది. 1942 ఫిబ్రవరి 10వ తేదీన గ్లెన్ మిల్లర్ అను వాద్యబృందనాయకునికి, అతని 'చట్టనూగ చూ చూ' పాట పండ్రెండు లక్షల ప్లేట్లు అమ్ముడైనందుకు, ఆర్.సి.ఏ. విక్టరు కంపెనీవారు బంగారువర్ణము పూసిన ప్లేటు నొకదానిని బహూకరించిరి. అది కంపెనీ తన పాటకు తానే యిచ్చుకొన్న బిరుదు. తరువాత 1952లో ఆ దేశపు ప్లేట్ల కంపెనీలన్నియు గూడి యొక సంఘముగా నేర్పడినవి. ఆ సంఘమువారు 1958లో నియమముల నేర్పరచి, కంపెనీల పద్దులు పరీక్షించి ఫలకము లిచ్చుట కారంభించిరి. విడిపాట పదిలక్షల ప్లేట్లు పోయినచో బంగారము. పెరీ కోమో యను గాయకుని పాట మొదటిసారి ఆ గౌరవము నందెను. అనేక గీతములుగల ఆల్బమునకు మాత్రము సంఖ్య గాక ధనము ప్రమాణముగా నుండెను: టోకుధరకు పదిలక్షల డాలర్ల అమ్మకము. 1976లో బంగారమునకు మీద ప్లాటినమును, 1999లో దానికిని మీద కోటి ప్రతులకు వజ్రమును చేర్చిరి. ప్లాటినము బిరుదు పొందిన మొట్టమొదటి విడిపాట జానీ టేలర్ పాడినది. ఈతడు పూర్వము మెంఫిసులోని స్టాక్సు కంపెనీలో చిరకాలము పాడినవాడే.

గృహిణులమైన మనకు కొలతల మర్మము తెలియనిది కాదు. కోమటి మానికకు బదులు తవ్వతో కొలిచినచో మనము గుర్తింపకుందుమా? కాని 1989లో అట్టిదే జరిగినది. విడిపాటల అమ్మకము తగ్గిపోవుచుండుటచే, బంగారమునకు పదిలక్షలను అయిదులక్షలకును, ప్లాటినమునకు ఇరువదిలక్షలను పదిలక్షలకును తగ్గించిరి. నాటినుండి బంగారు ప్లేటని చెప్పినపుడు, అది యే యేటిదని యడుగక దాని తూకము తెలియదు. ఇంకొక సూక్ష్మము గలదు. ఆ సంఘమువారు లెక్కించినది శ్రోతలు కొన్న ప్లేట్లను గాదు, కంపెనీ దుకాణములకు పంపినవానిలో తిరిగివచ్చినవి పోగా మిగిలినవానిని. మరియు, తన పద్దులు చూపని కంపెనీకి ఫలకమే లేదు. డెట్రాయిట్ నగరపు మోటౌన్ కంపెనీ లోకమంతట మ్రోగిన పాటల నెన్నిటినో విడుదల చేసియు, 1970ల యుత్తరార్ధము వరకు ఆ సంఘమునకు లెక్కలు చూపకుండుటచే, ఆ కాలపు దాని పాటలకు బంగారము లేదు. కావున గోడపై ఫలకము లేదన్నచో పాట చెల్లలేదని యర్థము గాదు.

రెండవ తూనిక వారపుపట్టిక. బిల్‌బోర్డ్ అను పత్రిక 1940 జులైలో ప్లేట్ల అమ్మకపు పట్టికను, 1958 ఆగష్టులో నూరుపాటల పట్టికను ప్రకటింప నారంభించెను. చాలకాలము దుకాణదారులు టెలిఫోనులో చెప్పిన మాటయే దానికాధారము. దుకాణదారుడు తనకిష్టమైనదానిని ముందు చెప్పవచ్చును. కంపెనీవాడు మెప్పించినచో మరియొకదానిని చెప్పవచ్చును. 1991లో ప్రతి ప్లేటుపెట్టెపై నుండు గీతలను యంత్రముచే చదివి, నిజముగా అమ్ముడైనదానినే లెక్కించుట మొదలుపెట్టగా, గొప్ప మార్పు గానవచ్చెను. పల్లెపాటలకును, నల్లజాతి యువకుల ర్యాపు పాటలకును అనుకొన్నదానికంటె మిక్కుటమైన గిరాకి యున్నదని తేలినది. వినువారు మునుపే యుండిరి. లెక్కవ్రాయువారి చెవికి మాత్రము వారి మాట సోకలేదు.

మరునాడు యూనియను వీధిలోని సన్ స్టూడియోకు పోయితిమి. ఒక చిన్నగది, దానిముందొక కచేరిగది: ఇంతియే. 1950లో సామ్ ఫిలిప్సు దీనిని స్థాపించెను. 1953లో పదునెనిమిదేండ్ల ఎల్విస్, సుమారు నాలుగు డాలర్లు చెల్లించి తన కంఠమును ప్లేటుమీద ముద్రింపించుకొనుటకు ఇచటికే వచ్చెను. కచేరిగదిలో పనిచేయుచుండిన మేరియన్ కీస్కర్ అను నామె ఆ బాలుని గానము విని, మంచి గాయకుడని కాగితముమీద గుర్తు వ్రాసి యుంచెను. అప్పటికి ఆ బాలునికి పట్టికలలో స్థానమును లేదు, ఫలకములును లేవు. ఒక స్త్రీ చెవి మాత్రమే యుండెను. 1955 నవంబరులో ఫిలిప్సు ఆ గాయకుని ఒప్పందమును ముప్పదియైదువేల డాలర్లకు ఆర్.సి.ఏ. కంపెనీ కమ్మెను. ఆ మొదటి ప్లేటు 2015లో వేలమున మూడులక్షల డాలర్లకు పోయినది. ఒకే పాట, ఒకే ప్లేటు. వెల మాత్రము నాలుగు మొదలు మూడులక్షల వరకు.

ఇచట మన సోదరీమణులు తప్పక యెరుగవలసిన మరియొక స్త్రీ గలదు. విల్లీ మే థార్న్‌టన్ అను నల్లజాతి గాయని 'హౌండ్ డాగ్' అను పాటను 1952లో పాడెను. 1953లో అది నల్లవారి సంగీతమునకు ప్రత్యేకించిన పట్టికలో ఏడువారములు మొదటి స్థానమున నిలిచెను. నల్లవారి పాటలకు వేరు పట్టిక యుండుట ఆ కాలపు మర్యాద. 1949 వరకు దానికి 'జాతి ప్లేట్లు' అనియే పేరు. మూడేండ్లకు ఎల్విస్ ఆ పాటనే పాడగా లక్షలకొలది ప్లేట్లు చెల్లినవి. థార్న్‌టన్ తన పాటకు అయిదువందల డాలర్ల చెక్కొక్కటి మాత్రమే ముట్టినదని ఆ తరువాత చెప్పుకొనెను. ప్రదర్శనశాలలో బంగారు ప్లేట్లు చూచునపుడు మాకా యంకెయే స్మరణకు వచ్చుచుండెను. అమ్ముడైన సంఖ్య పాట ఎంతదూరము పోయినదో చెప్పును. పాడినవారి యింట పొయ్యి వెలిగినదో లేదో చెప్పదు.

మూడవనాడు మేము చూచినది మాకన్నిటికంటె ప్రియమైనది, మెక్లెమోర్ వీధిలోని స్టాక్సు ప్రదర్శనశాల. 1957లో జిమ్ స్టూవర్టు అను బ్యాంకి యుద్యోగి యొక చిన్న సంగీత కంపెనీని స్థాపించెను. చేతిలో తగిన యంత్రము లేదు. అతని అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్, పూర్వము బడిపంతులమ్మ, అప్పటికి బ్యాంకిలో గుమాస్తా, ఇద్దరు బిడ్డల తల్లి. ఆమె భర్తను ఒప్పించి, తమ యిల్లు తాకట్టుపెట్టి, తెచ్చిన సొమ్ముతో శబ్దగ్రహణయంత్రమును కొనిపెట్టెను. ఇల్లు తాకట్టుపెట్టుట యెట్టిదో మనకు వేరుగ జెప్ప నక్కరలేదు. 1960లో వారు మూతపడిన సినిమాహాలు నొకదానిని అద్దెకు గైకొనిరి. అక్కతమ్ముల యింటిపేర్లలోని మొదటి యక్షరములు కలిపి 1961లో కంపెనీకి స్టాక్సు అని పేరిడిరి. సినిమాహాలు నేల వాలుగా నుండుటచే ఆ గదిలో ధ్వని ప్రత్యేకముగ వినబడెడిదట. ఇప్పటి గదియు ఆ వాలుతోడనే కట్టబడినది. మేము దానిలో నడచి చూచితిమి.

హాలుముందు పూర్వము మిఠాయిలమ్ము చోట ఎస్టెల్ ప్లేట్ల దుకాణము పెట్టెను. ఈ దుకాణమే ఆమె త్రాసు. ఇరుగుపొరుగు పిల్లలు, ఎక్కువగా నల్లవారు, వచ్చి ప్లేట్లు వినుచు, కాలు కదుపుచు నిలిచెడివారు. ఏ పాటకు పాదము కదలినది, ఏది విని చేతిలోని డబ్బు బల్లమీద పెట్టిరి, ఏది సగము విని ప్రక్కన నుంచిరి — ఇది యంతయు నామె గమనించి, లోపల పాటలు కట్టువారికి చెప్పుచుండెను. 1961లో 'లాస్ట్ నైట్' అను వాద్యగీతమును విడుదలచేయ పురుషులు సందేహింపగా, ఆమె పట్టుబట్టి విడుదల చేయించెను. ఆ బృందమున నామె కుమారుడును గలడు. ఆ గీతము దేశపు నూరుపాటల పట్టికలో మూడవ స్థానమువరకు పోయినది. ఎదుటి కిరాణా దుకాణములో పనిచేయు డేవిడ్ పోర్టరు అను పిల్లవాడు వీధి దాటివచ్చి యచట పాటలు కట్టువాడయ్యెను. తెల్లవారును నల్లవారును కలిసి కూర్చుండుట యరుదైన ఆ నగరమున, ఆ రోజులలో, ఆ హాలులో ఇరువురును కలిసి పాటలు కట్టిరి.

అయినను ఈ కథయు కష్టము లేనిది కాదు. 1965లో స్టాక్సువారు అట్లాంటిక్ అను పెద్దకంపెనీతో పంపకపు ఒప్పందముపై సంతకము చేసిరి. 1967 డిసెంబరు 10న వారి ముఖ్యగాయకుడు ఓటిస్ రెడ్డింగ్ విమానప్రమాదమున మరణించెను. ఆతడు చనిపోవుటకు కొలదిదినముల ముందు పాడిన పాట 1968లో పట్టికలో మొదటి స్థానమున కెక్కెను; గాయకుని మరణానంతరము ఆ స్థానము నందిన పాటలలో అదియే ప్రథమము. ఇంతలో అట్లాంటిక్ కంపెనీ మరియొకరికి అమ్ముడుపోగా, ఒప్పందమును తెరచి చూచిరి. తాము పంచిపెట్టిన స్టాక్సు పాటల మూలముద్రణలన్నియు అట్లాంటిక్‌వే యని అందు వ్రాసియున్నది. జిమ్ స్టూవర్టు ఆ నిబంధనను గమనింపకయే సంతకము చేసియుండెను. ఎన్ని లక్షల ప్లేట్లు చెల్లినను, పాటలు పరులపాలయ్యెను. ఆ యేడే ఏప్రిలు 4న ఈ నగరముననే మార్టిన్ లూథర్ కింగ్ హత్య చేయబడెను. అది జరిగిన లొరేన్ హోటలు, స్టాక్సు పాటగాండ్రు కలిసికొని పాటలు కట్టుకొను తావు. 1991 నుండి అది పౌరహక్కుల ప్రదర్శనశాల.

స్టాక్సు శాలలో జనులు మూగి చూచునది ఐజాక్ హేస్ అను గాయకుని మోటారుకారు. 1972 నాటి కాడిలాక్. వెలుపల నెమలికంఠపు నీలము, అంచులకు బంగారుపూత, లోపల తెల్లని బొచ్చు తివాసి, చల్లనిపానీయముల పెట్టె, టెలివిజను. కంపెనీవారాతని ఒప్పందములో భాగముగ దీనినిచ్చిరి. ఆ యేడే ఆతని సినిమాపాటకు ఆస్కారు బహుమానము వచ్చినది. 1975 డిసెంబరులో కంపెనీ దివాలాతీసి మూతపడెను. 1976లో హేస్ తానును దివాలాతీసి, ఆ కారును పోగొట్టుకొనెను. మావారది చూచి, "శ్రీనాథుడు జ్ఞాపకము వచ్చుచున్నాడు" అనిరి. ప్రౌఢదేవరాయల సభలో కనకాభిషేకము పొందిన కవిసార్వభౌముడు, వార్ధకమున కౌలుసొమ్ము చెల్లింపలేక బాధలుపడెనని మన పెద్దలు చెప్పుకొనుట యెల్లర కెరుకయే. బంగారము నీళ్లవలె తలపైనుండి జారిపోయినది, కావ్యములు నిలిచినవి.

ఈ కాలమున ప్లేట్లు కొనువారు తగ్గిరి. పాట అంతర్జాలమున ప్రవహించుచున్నది. వినినంత వినుట, విడిచినంత విడుచుట. ఫలకముల సంఘమువారు 2013లో విడిపాటల లెక్కయందు ఈ వినుకలిని చేర్చిరి. 2016లో నూటయేబదిమారులు వినుట ఒక విడిపాట కొనుటతో సమానమనియు, ఆల్బములోని పాటలు పదునైదువందలమారులు వినుట ఒక ఆల్బము కొనుటతో సమానమనియు నిర్ణయించిరి. మా మరదలు నవ్వి, "మా పిల్లవాడు నిద్రపోవుటకు ఒకే పాటను రాత్రియంతయు పెట్టుకొనును. వాడొక్కడే యొక పాటను కొన్నవాడగును గదా, వదినా?" అని యడిగినది. పూర్వము డబ్బు పెట్టి కొన్నవాడు ఆ ప్లేటును పదిమారులు వినినను, వేయిమారులు వినినను లెక్క యొకటియే. ఇప్పుడు చెవిన బడినదెల్ల లెక్కయే. ఈ రెంటిలో నేది పాటమీది ప్రీతిని సరిగా కొలుచునో త్రాసు చెప్పజాలదు.

మన యిండ్లలోను నేడిదే మాట వినబడుచున్నది. పిల్ల పాడిన పాట నెంతమంది చూచిరి, ఎన్ని లక్షలు దాటినది యని యడుగుట సంగీతపరీక్ష యైనది. లెక్క చెడ్డదని మేమనము. లెక్కయే లేకున్నచో థార్న్‌టన్‌కు జరిగిన యన్యాయమును చూపుటకు సాక్ష్యమే యుండెడిది కాదు. పల్లెపాటలకు వినువారున్నారని 1991లో తేలెడిది కాదు. కాని లెక్క నెవరు వ్రాసిరి, ఏ మానికతో కొలిచిరి, ఆ సొమ్ము తుద కెవరి చేతిలో బడినది — ఈ మూడును అడుగవలెను. బిడ్డ గాత్రమును ముద్రించుకొందుమని యెవరైన కాగితము తెచ్చినచో, ఇంటి తల్లులు దానిని మొదటి పంక్తినుండి తుది పంక్తివరకు చదివిన పిదపనే సంతకమునకు ఒప్పుకొనవలెను. మూలముద్రణ యెవరిదను వాక్యము ఒక్కటియే సమస్తమును హరింపగలదని మెంఫిసు మనకు చూపుచున్నది.

తులాభారకథలో సత్యభామ నగలన్నియు త్రాసున బెట్టినను కృష్ణుడు తూగలేదు. రుక్మిణి యుంచిన తులసిదళమునకు తూగెను. ఆ కథలో త్రాసును నిందించినవారు లేరు. అందేమి పెట్టవలెనో తెలిసినదొక్కతె. మరియొక భేదమును మాకు తోచినది. గోడనున్న బంగారు ప్లేటు పాడదు. అది మెచ్చుటకే గాని వినుటకు గాదు. మన అన్నమాచార్యుల కీర్తనలను చెక్కించిన రాగిరేకులు తిరుమల భాండారమున శతాబ్దములు మరుగున బడియుండి, ఇరువదియవ శతాబ్ది మొదటి భాగమున వెలికివచ్చినవి. ఆ రేకుల కెవరును వెలకట్టలేదు, ఎన్ని యమ్ముడైనవను ప్రశ్నయే లేదు. కాని ఆ రేకులమీద పాట యున్నది. రాగి యైనను పాట యున్నందున, నేడు మన పిల్లలు పాడుకొనుచున్నారు.

స్టాక్సు హాలును 1989లో పడగొట్టిరి. చాలకాలము ఆ తావు పాడునేలగా నుండినది. 2003లో అదే స్థలమున అదే రూపున ప్రదర్శనశాలను కట్టిరి. ఎస్టెల్ ఆక్స్‌టన్ దానిని చూచి, మరుసటి యేడు 2004లో కాలధర్మము నొందెను. ప్రక్కనే ఆ పేటపిల్లలకు సంగీతము నేర్పు పాఠశాల నడుచుచున్నది. మేము వెలుపలికి వచ్చునప్పటికి కొందరు బాలబాలికలు వాద్యములపెట్టెలు మోసికొనుచు, ఏదో రాగము కూనుచు లోపలికి పోవుచుండిరి. వారిలో నెవరికి బంగారు ప్లేటు వచ్చునో యెవరు చెప్పగలరు? ఎస్టెల్ దుకాణములో వలె, వీధి కావల నిలిచియున్న ఒక చిన్నపిల్ల పాదము మాత్రము వారి రాగమునకు కదలుచుండెను.